వందసార్లు ఆలోచించేది ఎవరు?

2019 డిసెంబరు 6, శుక్రవారం. అప్పట్లో నేను ఒక కాలేజీలో ఎం.ఏ. తెలుగు విద్యార్థులకి పాఠాలు చెప్తున్నాను. ఆ పొద్దున్న క్లాసులోకి వెళ్ళేసరికి బల్ల మీద మిఠాయి పొట్లం ఉంది. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పోలీసులే 'దిశ' అని పేరు పెట్టిన పశువైద్యురాలి కేసులో నలుగురు నిందితుల్నీ తెల్లవారుజామున కాల్చి చంపారన్న వార్త అప్పటికే అందరి ఫోన్లలోకీ చేరింది. జనం పోలీసుల మీద పూలరేకులు చల్లుతున్న దృశ్యాన్ని టీవీలు తిప్పి తిప్పి చూపిస్తున్నాయి. "ఇక మీదట ఆడపిల్ల మీద చెయ్యి వెయ్యాలంటే ఎవడైనా వందసార్లు ఆలోచిస్తాడు మేడమ్" అన్నాడు ఒక అబ్బాయి. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆడపిల్లలు కూడా.

నేనా రోజు పాఠం చెప్పలేకపోయాను. చట్టం, విచారణ, హక్కులు అంటూ ఏవో నాలుగు మాటలు అన్నాను. అవి ఆ మిఠాయి ముందు ఎంత చప్పగా ఉన్నాయో నాకే తెలిసిపోయింది. క్లాసయ్యాక వరండాలో ఒకమ్మాయి వెనకనుంచి వచ్చింది. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే పిల్ల. "మేడమ్, ఇంట్లోవాళ్ళ మీద చెప్పినా ఇలాగే చంపేస్తారా?" అంది. నేను తడబడి, "అలా ఎందుకు చంపుతారు, కోర్టులున్నాయి కదా" అన్నాను. "ఊరికే అడిగాను మేడమ్" అని వెళ్ళిపోయింది. 'ఎవరి మీద?' అని నేను అడగలేదు. ఈ వ్యాసం ఆ అడగకపోవడంలోంచి వచ్చింది.

ఆ అబ్బాయి అన్న మాట మనందరి ఇళ్ళలో వినపడే మాటే. కానీ దాని వెనక రెండున్నర శతాబ్దాల సిద్ధాంతం ఉంది. నేరం చేసేవాడు పిచ్చివాడో రాక్షసుడో కాదు, మనందరిలాగే లాభనష్టాలు చూసుకునే మనిషి. నష్టాన్ని పెంచితే నేరం మానుకుంటాడు. దీన్నే రేషనల్ ఛాయిస్ అనీ, శిక్ష భయంతో నేరాన్ని ఆపడాన్ని డిటరెన్స్ అనీ నేరశాస్త్రం అంటుంది. మన భాషలో ఒక్క ముక్కలో చెప్పాలంటే, 'వందసార్లు ఆలోచిస్తాడు' అనే నమ్మకం. సాహిత్య విద్యార్థినిగా నాకు తెలిసిన పని ఒక్కటే, చదవడం. కాబట్టి ఈ సిద్ధాంతాన్ని కూడా ఒక రచనలాగే చదివి, ఇందులో ఆలోచించే పాత్ర ఎవరు, ఎవరి తరపున ఎవరు మాట్లాడుతున్నారు అని చూడాలనుకున్నాను.

మొదట్లో ఇది చాలా మానవీయమైన ఆలోచన. చిత్రహింసలు, బహిరంగ ఉరితీతలు మామూలైపోయిన యూరప్‌లో 1764లో ఇటలీకి చెందిన బెకారియా నేరాలూ శిక్షల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. శిక్ష ఎంత క్రూరంగా ఉందన్నది కాదు, ఎంత తప్పనిసరిగా పడుతుందన్నదే నేరాన్ని ఆపుతుందని వాదించాడు. మరణశిక్షను వ్యతిరేకించాడు. తర్వాత ఇంగ్లండులో బెంథామ్ మనిషి సుఖదుఃఖాలకు ఒక లెక్కలపుస్తకమే తెరిచాడు. అంటే ఈ సిద్ధాంతం పుట్టింది శిక్షను తగ్గించడానికి. ఆ పేరు చెప్పే మనం ఇవాళ ఉరి అడుగుతున్నాం. సిద్ధాంతాలు కూడా పుట్టింటినుంచి అత్తింటికి వచ్చేసరికి మారిపోతాయి కాబోలు.

ఆ మార్పులో పెద్ద మలుపు 1968. ఆ ఏడాది అమెరికన్ ఆర్థికవేత్త గారీ బెకర్ నేరాన్ని ఆర్థికశాస్త్రంలోకి తెచ్చాడు. కొందరు నేరస్తులయ్యేది వాళ్ళ స్వభావం వేరవడం వల్ల కాదు, వాళ్ళకొచ్చే లాభనష్టాలు వేరవడం వల్ల అన్నాడు. పట్టుబడే అవకాశాన్ని శిక్ష బరువుతో హెచ్చవేస్తే నేరానికి ధర వస్తుంది. 1992లో నోబెల్ బహుమతి అందుకుంటూ, తనకీ ఆలోచన ఎలా వచ్చిందో ఆయనే చెప్పాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టడానికి కారులో వెళ్తున్నాడు. ఆలస్యమైంది. డబ్బు కట్టే పార్కింగు దూరం. వీధిలోనే అక్రమంగా ఆపితే టికెట్ పడొచ్చు. ఎంత అవకాశం, ఎంత జరిమానా అని లెక్క వేసుకుని వీధిలోనే ఆపాడు. టికెట్ పడలేదు.

విమర్శలో మాకు నేర్పేదేమిటంటే, రచయిత ఎంచుకున్న ఉదాహరణ దగ్గర ఆగమని. ఈ ఉదాహరణలో నేరం ఉంది, నేరానికి గురైన మనిషి లేదు. కోపం లేదు, అధికారం లేదు, ఒళ్ళు లేదు. నేరం చేసినవాడు ప్రొఫెసరు. జరిమానా పడితే కట్టుకోగలడు, పోలీసుకి సమాధానం చెప్పుకోగలడు. ఈ పార్కింగు కథనుంచి దొంగతనానికీ, అక్కడినుంచి హత్యకీ, అత్యాచారానికీ అదే సమీకరణం నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. దారిలో ఎక్కడా ఆడమనిషి ఎదురుపడదు. సమీకరణంలో పోలీసుల ఖర్చుంది, కోర్టుల ఖర్చుంది, జైళ్ళ ఖర్చుంది. బాధితుల నష్టం సమాజానికి జరిగిన హాని కింద మొత్తంగా జమపడుతుంది. కేసు పెట్టడానికి ఆమెకయ్యే ఖర్చుకి మాత్రం పద్దు లేదు.

బెకర్‌దే ఇంకో పుస్తకం ఉంది, కుటుంబం మీద, 1981లో వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. కుటుంబం పుస్తకంలో ఇంటి పెద్ద పరోపకారి. అందరి మేలూ కోరతాడు కాబట్టి, స్వార్థపరులు కూడా ఆయన నీడలో సర్దుకుపోతారు. రోడ్డు మీద అణాపైసలు లెక్క చూసుకునే మనిషి గుమ్మం దాటి ఇంట్లోకి రాగానే దయామయుడైపోతాడన్నమాట! బజారులో స్వార్థం, ఇంట్లో త్యాగం అనే ఈ విచిత్రాన్ని స్త్రీవాద ఆర్థికవేత్తలు నాన్సీ ఫోల్బ్రే, హైడీ హార్ట్‌మన్ 1988లోనే ఎత్తి చూపారు. నాకు ఇంకో సంగతి కూడా తోస్తుంది. నేరం మీద రాసినదాంట్లో ఇల్లు లేదు. ఇంటి మీద రాసినదాంట్లో నేరం లేదు. మన దేశంలో స్త్రీల మీద జరిగే నేరాలు సరిగ్గా ఆ రెండు పుస్తకాల మధ్య ఖాళీలో జరుగుతున్నాయి.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2019 నివేదిక ప్రకారం అత్యాచారం కేసుల్లో వందకి 94 వాటిలో నిందితుడు ఆమెకి ముందే తెలిసినవాడు. చుట్టం, పొరుగువాడు, స్నేహితుడు, పనిచ్చినవాడు. అదే ఏడాది తీర్పు వచ్చిన అత్యాచారం కేసుల్లో శిక్ష పడినవి వందకి 28 కూడా లేవు. ఇవి పోలీసు స్టేషను దాకా వచ్చిన కేసుల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక హింసో లైంగిక హింసో అనుభవించామని చెప్పిన స్త్రీలలో సాయం కోరినవాళ్ళు వందకి 14 మంది. 77 మంది సాయం కోరలేదు సరికదా, అసలు ఎవరికీ చెప్పనేలేదు. సాయం కోరినవాళ్ళలోనూ ఎక్కువమంది వెళ్ళింది పుట్టింటికి.

ఇక్కడే సిద్ధాంతం అసలు గుట్టు ఉందని నేననుకుంటున్నాను. శిక్ష బరువు కంటే శిక్ష తప్పదన్న ఖాయమే నేరాన్ని ఆపుతుందన్నది ఇవాళ ఈ రంగంలో దాదాపు అందరూ ఒప్పుకునే మాట. మరణశిక్ష హత్యల్ని తగ్గిస్తుందో, పెంచుతుందో, ఏ ప్రభావమూ చూపదో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలనుంచి ఏమీ తేల్చలేమని అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2012లో చెప్పింది. సరే, ఖాయమే ముఖ్యం. కానీ ఆ ఖాయాన్ని తయారు చేసేది ఎవరు? దొంగతనమైతే ఇల్లుగలాయన పరుగెత్తుకెళ్ళి ఫిర్యాదు చేస్తాడు. దోచుకోబడ్డందుకు ఆయన పరువు పోదు. హింసకి గురైన స్త్రీ విషయంలో, పట్టుబడే అవకాశం అనే ఆ అంకె మొదలయ్యేదే ఆమె నోరు తెరవడంతో. నోరు తెరిస్తే ఏమవుతుంది? చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందా? అమ్మ నమ్ముతుందా? ఇంట్లో ఉండనిస్తారా? రేపు అన్నం ఎవరు పెడతారు? పోలీసు ఏమడుగుతాడు? కేసు ఎన్నేళ్ళు? వాయిదాలకి బస్సు ఛార్జీలెవరిస్తారు? వందసార్లు ఆలోచించేది ఆమే.

నేరస్తుడి మనసులో జరుగుతుందని సిద్ధాంతం ఊహించిన లెక్క నిజానికి ఆమె మనసులో, రోజూ, నేరం జరగకముందు కూడా జరుగుతుంది. మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పరిశోధన రోజుల్లో లైబ్రరీ మూసేదాకా కూర్చోవాలని ఉన్నా, హాస్టలుకి ఏ దారిలో దీపాలున్నాయి, ఏ మలుపులో టీకొట్టు మూసేస్తారు అన్నది నాకు కంఠస్థం. ఎవరూ లేని ఫోనులో "ఆఁ, వచ్చేస్తున్నా, గేటు దగ్గరే ఉన్నా" అని మాట్లాడుతూ నడిచేదాన్ని. ఆటో ఎక్కగానే నంబరు మెసేజి పెట్టేదాన్ని. నా సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం సాయంత్రం ఆరులోపు దొరికిన పుస్తకాలతోనే రాశానంటే నవ్వకండి. నా మగ సహాధ్యాయి అదే లైబ్రరీలో రాత్రి పదింటిదాకా ఉండేవాడు. మా ఇద్దరి థీసిస్‌ల బరువులోని తేడా ఏ నేర గణాంకాల్లో వస్తుంది?

ఈ లెక్కని నేరశాస్త్రం గమనించకపోలేదు. కానీ గమనించిన తీరు చూడండి. 1979లో కోహెన్, ఫెల్సన్ అనే ఇద్దరు సామాజికశాస్త్రవేత్తలు నేరం జరగడానికి మూడు కలిసిరావాలన్నారు. చెయ్యాలనుకునే మనిషి, తగిన గురి, తగిన సంరక్షకుడు లేకపోవడం. ఆ 'గురి'లో వస్తువూ వస్తుంది, మనిషీ వస్తుంది. తాళం వెయ్యని సైకిలూ, ఒంటరిగా నడిచే స్త్రీ ఒకే గడిలో పడతారు. ఇక సంరక్షకుడన్న మాట వినగానే తండ్రి, భర్త, కొడుకు అని వరసపెట్టిన మనువు గుర్తురాకుండా ఎలా ఉంటాడు? వాళ్ళుద్దేశించింది పొరుగువాళ్ళనీ, దారినపోయేవాళ్ళనీ కూడా, నిజమే. అయినా సంరక్షకుడే నేరస్తుడైన ఇంట్లో ఈ మూడు గడుల పట్టిక ఎక్కడ పెట్టి నింపాలి?

దిశ కేసులోనే చూడండి. ఆ రాత్రి కుటుంబం పోలీసుల దగ్గరికి వెళ్తే కేసు నమోదులో జరిగిన జాప్యానికి ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. బెకారియా చెప్పిన ఖాయం అక్కడ, ఆ బల్ల దగ్గర విరిగిపోయింది. కానీ అప్పటి తెలంగాణ హోంమంత్రి అన్నదేమిటి? ఆమె చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసి ఉండాల్సిందని. పోలీసులు స్త్రీలకి జాగ్రత్తల జాబితా విడుదల చేశారు. అంటే లెక్క తప్పింది ఆమేనట. ఆ తర్వాత తుపాకులు పేలాయి. ఖాయం లేనిచోట తీవ్రతతో పని కానిచ్చారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని అది తేల్చింది. అప్పటికి మిఠాయిలు ఎవరికీ గుర్తులేవు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితుల్ని ఇలాగే కాల్చి చంపినప్పుడు కూడా పండగ చేసుకున్నాం. అది చూసి వందసార్లు ఆలోచించాల్సినవాళ్ళు పదకొండేళ్ళు ఏం ఆలోచించారో మరి.

ప్రభుత్వాలకి తీవ్రత మీద ఇంత ప్రేమ ఎందుకంటే, దానికి జవాబు బెకర్ దగ్గరే ఉంది. నేరస్తుల్ని పట్టుకునే అవకాశం పెంచాలంటే పోలీసులు, లాబొరేటరీలు, న్యాయమూర్తులు కావాలి, డబ్బు కావాలి. శిక్ష పెంచడానికి సిరా చాలు. 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు, అత్యాచారానికి ఉరి. ఘటన జరిగిన పదహారు రోజులకే బిల్లు సిద్ధం. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘటన తర్వాత నేనూ కొవ్వొత్తి పట్టుకుని నడిచినదాన్నే. మా వరసలో ఎవరో 'ఉరి తియ్యాలి' అని అరిస్తే నేనూ గొంతు కలిపాను. ఆ గొంతు అబద్ధమని ఇప్పుడూ అనను. కానీ 2013 జనవరి 23న వచ్చిన జస్టిస్ వర్మ కమిటీ నివేదిక చదివినప్పుడు సిగ్గుపడ్డాను. ఆ కమిటీ అత్యాచారానికి మరణశిక్షను సిఫారసు చేయలేదు. ఎన్నో స్త్రీ సంఘాలు కూడా వద్దనే దాని ముందు చెప్పాయి. కమిటీ అడిగింది భార్యపై అత్యాచారానికి చట్టంలో ఉన్న మినహాయింపుని తీసెయ్యమని. ప్రభుత్వం ఏం చేసింది? అడగని ఉరిని కొన్ని సందర్భాలకి చేర్చింది, అడిగిన మినహాయింపుని అలాగే ఉంచింది. 2018లో పన్నెండేళ్ళలోపు పిల్లలపై అత్యాచారానికి కూడా ఉరి చేర్చారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, పద్దెనిమిదేళ్ళు నిండిన భార్య విషయంలో మినహాయింపు 63వ సెక్షనులో భద్రంగానే ఉంది. బెకర్ భాషలో చెప్పాలంటే వీధిలో ధర ప్రాణం, పడగ్గదిలో ధర సున్నా. ఇంత స్పష్టంగా లాభనష్టాలు రాసిచ్చాక మగవాడికి లెక్క రాదని ఎవరనగలరు?

ఉరి వల్ల నేరస్తుడి లెక్క కంటే ముందు మారేది ఆమె లెక్క. బాబాయిని జైలుకి పంపడానికే వెనకాడే పిల్ల, బాబాయిని ఉరికంబం ఎక్కించే మాట నోటినుంచి ఎలా రానిస్తుంది? ఇంట్లో పెద్దవాళ్ళు ఆ ఒక్క మాటతోనే నోరు మూయిస్తారు, "నీ వల్ల మనిషి ప్రాణం పోతుంది" అని. అత్యాచారానికీ హత్యకీ ఒకే శిక్ష అయితే, సాక్షిగా మిగిలే ఆమెని బతకనివ్వడంలో నేరస్తుడికి లాభమేముంది అన్న ప్రశ్న వేరే ఉంది. శిక్ష పెరిగిన కొద్దీ ఫిర్యాదు తగ్గితే, తీవ్రత ఖాయాన్ని తినేసినట్టు.

అలాగని శిక్షే వద్దని నేననడం లేదు. భయం ఎవరిమీదా పనిచేయదని కూడా అనను. దీని మీద మనం తప్పక తెలుసుకోవాల్సిన అనుభవం అమెరికాలో ఉంది. 1981-82లో మినియాపొలిస్ నగరంలో, భార్యని కొట్టాడని పిలుపు వచ్చినప్పుడు పోలీసులు ఏం చెయ్యాలన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. కొందరిని అరెస్టు చేశారు, కొందరికి నచ్చజెప్పారు, కొందరిని కొన్ని గంటలపాటు ఇంటినుంచి పంపేశారు. ఆరు నెలల్లో మళ్ళీ పోలీసు రికార్డుకెక్కినవాళ్ళు అరెస్టయినవారిలో వందకి 10, నచ్చజెప్పినవారిలో 19, పంపేసినవారిలో 24. స్త్రీ ఉద్యమాలు ఎంతో కాలంగా చెప్తున్నదే కదా ఇది! ఇంట్లో కొట్టడం కూడా నేరమే, పట్టుకెళ్తే ఆగుతుంది. చాలా రాష్ట్రాలు అరెస్టుని తప్పనిసరి చేశాయి. తర్వాత అదే ప్రయోగాన్ని వేరే నగరాల్లో చేస్తే కథ మారింది. మిల్వాకీలో ఉద్యోగమున్న మగవాళ్ళు అరెస్టుకి జంకారు. ఉద్యోగం లేనివాళ్ళు తిరిగొచ్చి ఇంకా ఎక్కువ కొట్టారు. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడికే భయం. దాదాపు ఇరవై మూడేళ్ళ తర్వాత, 2015లో, ఆ మిల్వాకీ స్త్రీల గురించి మళ్ళీ ఒక అధ్యయనం వచ్చింది. కేవలం హెచ్చరించి వదిలేసినవాళ్ళ భార్యలతో పోలిస్తే, అరెస్టయినవాళ్ళ భార్యల్లో మరణాలు 64 శాతం ఎక్కువ. హత్యల వల్ల కాదు, ఎక్కువగా గుండెజబ్బులూ మిగతా రోగాల వల్ల. అరెస్టు తర్వాత ఆ ఇళ్ళలో ఏం జరిగిందో అంకెలు చెప్పవు. ఆ లోటుని కథకులు పూరించాలి.

కథకుల మాటొచ్చింది కాబట్టి చెప్తాను. మన సాహిత్యంలో లెక్కలు బాగా తెలిసిన మనుషులెవరని వెతికితే నాకు మొదట తట్టేది కన్యాశుల్కంలో మధురవాణి. ఎవరి దగ్గర ఏముంది, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి, ఎవరిని ఎప్పుడు వదలాలి అన్నది ఆమెకి తెలిసినంతగా ఆ నాటకంలో ఏ వకీలుకీ తెలియదు. గిరీశం ఎత్తులు వేస్తాడు కానీ ఓడిపోయినా వేరే ఊరికి పోగలడు. ఆమెకి లెక్క తప్పితే గూడు పోతుంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో అప్పు లెక్క ఊరందరి ముందూ, ధర్మంగా, సాక్ష్యాలతో జరుగుతుంది. అప్పల్రాముడు ఒప్పుకుంటాడు. కొడుకు సీతారాముడు ఆ లెక్కని చివరిదాకా చేసి చూస్తాడు. ఈ అప్పు తన కొడుకు కూడా పాలేరుతనంతో తీర్చాలి. ఆ పసివాణ్ణి తన చేతులతోనే చంపేస్తాడు. అది నేరం. ఘోరమైన నేరం. అందులో లెక్క ఉంది, కానీ ఆ లెక్కలో శిక్ష అనే అంకె ఎక్కడుంది? ఆ మనిషిని ఏ ఉరితో భయపెట్టగలం? 'యజ్ఞం' మీద ఇన్ని దశాబ్దాలు జరిగిన చర్చల్లో వర్గం గురించీ, ఊరి న్యాయం గురించీ ఎంతో మాట్లాడారు. ఆ పిల్లాడి తల్లి ఏమనుకుందన్నది ఎంతమంది అడిగారో నేను లెక్కపెట్టడం మానేశాను. లెక్కలు అక్కర ఉన్నవాళ్ళు వేస్తారు. చాలినంత ఉన్నవాడికి, ఎవరూ అడగనివాడికి లెక్కతో పనేముంది? పెళ్ళాన్ని కొట్టే మగవాడు చెయ్యెత్తేముందు పట్టుబడే అవకాశాన్ని గుణించడు. అడిగేవాళ్ళు లేరని అతనికి తెలుసు. 2019-21 సర్వేలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వందకి 80 మందికి పైగా స్త్రీలు, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్నారు. నేరమని ఆమే అనుకోనిదానికి అతనికి శిక్ష భయం ఎక్కడినుంచి వస్తుంది?

మరి నివారణ ఎలా అంటే, నాకు 1992 నాటి దూబగుంట గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లాలో ఆ ఊరి స్త్రీలు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ, తమ బతుకుల గురించి మాట్లాడుకుంటూ సారా దగ్గర ఆగారు. కూలి డబ్బు ఎటు పోతోంది, దెబ్బలు ఏ పూట పడుతున్నాయి అన్నది వాళ్ళు చేసిన లెక్క. వాళ్ళు మొగుళ్ళని జైల్లో పెట్టమని అడగలేదు. సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నడిచారు. ఆ ఉద్యమం ఊళ్ళు దాటి వేలంపాటల దాకా వెళ్ళింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా లెక్క వేసుకుని ప్రభుత్వం సడలించింది. చివరికి ఓడిపోయారనే వాళ్ళున్నారు. నేను చూసేది వాళ్ళు లెక్క వేసిన తీరుని. ఒక్కొక్కతీ తన ఇంట్లో ఒంటరిగా, రహస్యంగా వేసుకునే లెక్కని వాళ్ళు రాత్రిబడిలో గట్టిగా, కలిసి వేశారు. అప్పుడు ధర మారింది. ఒకతె నోరు తెరిస్తే అయ్యే ఖర్చు ఊరంతా పంచుకున్నారు. బెకర్ సమీకరణంలో ఈ పంపకానికి గుర్తు లేదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా కఠిన చట్టం అనగానే నేను వేరే ప్రశ్నలు అడుగుతున్నాను. ఆ జిల్లాలో ఇల్లు వదిలి వచ్చిన ఆడమనిషి రేపు రాత్రి ఎక్కడ పడుకోవాలి? షెల్టర్ హోంలో మంచాలెన్ని? చదువుకుంటున్న పిల్ల ఫిర్యాదు చేస్తే హాస్టలు ఫీజెవరు కడతారు? వాయిదా రోజున ఆమె పోగొట్టుకునే కూలి ఎవరిస్తారు? శిక్ష ఖాయం కావాలంటే ముందు ఆమె నిలబడటం ఖాయం కావాలి. ఇవి చిన్న ప్రశ్నలు. వీటికి ఎవరూ పూలు చల్లరు.

వరండాలో నన్నడిగిన ఆ అమ్మాయి ఎం.ఏ. పూర్తి చేసింది. తర్వాత నాకు కనపడలేదు. ఆ రోజు నేను కోర్టుల గురించి మాట్లాడాను. ఆమె అడిగింది కోర్టుల గురించి కాదు. తన మాట వల్ల ఒక మనిషి ప్రాణం పోతుందా, ఆ తర్వాత తను ఆ ఇంట్లో ఎలా ఉంటుంది అన్నది ఆమె వేసుకుంటున్న లెక్క. "ఎవరి మీదో ఇప్పుడు చెప్పక్కర్లేదు. ఈ రాత్రికి మా ఇంటికి రా. రేపు హాస్టలు చూద్దాం" అని ఉండాల్సింది. అప్పట్లో మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉండేది.